పాఠశాలకు, పరిశ్రమకు వారధి వేసిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

(ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

శ్రీరాంపూర్, సెప్టెంబర్ 15: ఆనకట్టల నిర్మాతగా, హైదరాబాద్ నగరాన్ని వరద ముప్పు నుంచి కాపాడిన దార్శనికునిగా భారతరత్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు తెలుగువారందరికీ సుపరిచితమే. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 15వ తేదీని దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకోవడం 1968 నుంచి ఆనవాయితీగా వస్తోంది. అయితే, చదువు చెప్పే సంస్థను, పని కల్పించే సంస్థను ఒకే వేదిక మీదకు తీసుకురావడానికి ఆయన అర్ధ శతాబ్దం పాటు సాగించిన కృషి అంతగా ప్రచారంలోకి రాలేదు. గనులు, విద్యుత్ కేంద్రాలు, వృత్తి విద్యా సంస్థలు పక్కపక్కనే ఉన్న శ్రీరాంపూర్, మంచిర్యాల, రామగుండం, గోదావరిఖని ప్రాంతాల యువతకు ఆయన జీవితంలోని ఈ పార్శ్వం ఎంతో ఉపయుక్తమైనది.

జననం - విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబర్ 15న నాటి మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లి గ్రామంలో జన్మించారు. కొన్ని గ్రంథాలలో ఆయన జన్మ సంవత్సరం 1860గా నమోదైంది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. వారిది తెలుగు కుటుంబం. పూర్వీకులు మోక్షగుండం గ్రామం నుంచి వలస వెళ్లినవారు కావడంతో ఆ ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది.

బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య బెంగళూరులో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతూ, ఆ వచ్చిన సొమ్ముతో తన చదువు సాగించారు. 1881లో సెంట్రల్ కళాశాల నుంచి బి.ఎ. పట్టా పొందారు. అనంతరం మైసూరు ప్రభుత్వం మంజూరు చేసిన ఉపకార వేతనంతో పుణెలోని సైన్స్ కళాశాలలో చేరి, 1883లో ఇంజనీరింగ్ పరీక్షలో ప్రథమ స్థానం సాధించారు. ఆ ప్రతిభే ఆయనకు బొంబాయి ప్రభుత్వ ప్రజా పనుల శాఖలో సహాయ ఇంజనీరు ఉద్యోగాన్ని సంపాదించిపెట్టింది. చదువుకు చేయూతనిచ్చిన ప్రభుత్వం ఒకవైపు, చదివినవారికి పని కల్పించిన ప్రభుత్వ శాఖ మరొకవైపు నిలవడం వల్లనే ఒక పేద విద్యార్థి ఇంజనీరు కాగలిగారు. ఈ రెండింటిలో ఏది లోపించినా ఆ ప్రతిభ వెలుగులోకి వచ్చేది కాదు. తాను పొందిన ఈ అవకాశాన్ని వేలాది మందికి అందుబాటులోకి తేవడమే తదనంతర కాలంలో ఆయన జీవిత లక్ష్యాలలో ఒకటిగా మారింది.

వృత్తి జీవితం - జపాన్ పర్యటన

బొంబాయి ప్రభుత్వ సర్వీసులో ఆయన సుమారు పాతికేళ్లు పనిచేశారు. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకాన్ని రూపొందించారు. పుణె సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి, నీటి మట్టాన్ని బట్టి వాటంతటవే తెరుచుకుని మూసుకునే తలుపులను 1903లో అమర్చారు. 1906లో ఏడెన్ నగరానికి వెళ్లి అక్కడి నీటి సరఫరాపై నివేదిక సమర్పించారు.

1898లో జరిపిన జపాన్ పర్యటన ఆయన ఆలోచనా సరళిని ఎంతగానో ప్రభావితం చేసింది. కొద్ది దశాబ్దాల వ్యవధిలోనే ఆ దేశం పారిశ్రామిక శక్తిగా ఎదగడానికి గల కారణాలను ఆయన అక్కడి పాఠశాలల్లో, కర్మాగారాల్లో నిశితంగా పరిశీలించారు. ప్రాథమిక విద్యను అందరికీ అందించడం, దాని వెన్నంటే వృత్తి పాఠశాలలను నెలకొల్పడం, వాటిని స్థానిక పరిశ్రమలతో అనుసంధానించడం ఆ ప్రగతికి మూలమని గ్రహించారు. పరిశ్రమలకు యంత్రాలను విదేశాల నుంచి దిగుమతి చేసుకోవచ్చునేమో గాని, వాటిని నడిపే చేతులను మాత్రం ఇక్కడే తయారు చేసుకోవాలన్న నిశ్చయానికి వచ్చారు. 1920లో, 1934లో వెలువరించిన గ్రంథాలలో ఆయన ప్రతిపాదించిన పునర్నిర్మాణ, ప్రణాళికా విధానాలకు ఈ పరిశీలన పునాదిగా నిలిచింది.

హైదరాబాద్‌తో అనుబంధం

1908 సెప్టెంబర్ 28న మూసీ నది ఉప్పొంగి హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది బొంబాయి సర్వీసు నుంచి ముందస్తుగా పదవీ విరమణ చేసి విదేశాలలో పర్యటిస్తున్న విశ్వేశ్వరయ్య సేవలను నిజాం ప్రభుత్వం కోరింది. ఆయన 1909లో హైదరాబాద్ చేరుకుని, మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతాలను అధ్యయనం చేశారు. నగరానికి ఎగువన రెండు నదులపైనా జలాశయాలు నిర్మించి వరద నీటిని నిలువరించాలని, వాటి ద్వారా నగరానికి తాగునీరు కూడా అందించాలని సిఫారసు చేశారు. ఆ మేరకు ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగర మురుగునీటి పారుదల వ్యవస్థ రూపకల్పనకు కూడా ఆయన మార్గదర్శనం చేశారు.

రూపకర్త హైదరాబాద్‌లో గడిపిన కాలం కొద్ది నెలలే. జలాశయాల నిర్మాణం మాత్రం ఆయన వెళ్లిన తరువాత దాదాపు రెండు దశాబ్దాలు కొనసాగింది. ఎంత గొప్ప ప్రణాళిక అయినా దానిని ఏళ్ల తరబడి అమలు పరచగల ఇంజనీర్లు, ఓవర్సీర్లు, మేస్త్రీలు స్థానికంగా ఉన్నప్పుడే ఫలిస్తుందనడానికి ఈ జలాశయాలు నిదర్శనం.

మైసూరులో కొత్త ఒరవడి

1909 నవంబరులో మైసూరు సంస్థానం చీఫ్ ఇంజనీరుగా బాధ్యతలు చేపట్టిన విశ్వేశ్వరయ్య, కావేరి నదిపై కృష్ణరాజసాగర్ నిర్మాణానికి శ్రీకారం చుట్టారు. అదే సమయంలో ఆయన చొరవతో 1911లో మైసూరు ఆర్థిక సమ్మేళనం ఏర్పాటైంది. వ్యవసాయం, విద్య, పరిశ్రమలు - వాణిజ్యం అనే మూడు విభాగాలకు విడివిడిగా సంఘాలు ఏర్పడ్డాయి. అధికారులతో పాటు వర్తకులు, రైతులు, విద్యావేత్తలు వాటిలో సభ్యులుగా ఉండేవారు. జిల్లా, తాలూకా స్థాయిలలో కూడా ఇటువంటి సంఘాలు పనిచేశాయి. తమ ప్రాంతంలో ఏ వృత్తులు ఉన్నాయి, ఏ పనివారి కొరత ఉంది, ఏ శిక్షణ అవసరం అన్న విషయాలను స్థానికులే చర్చించి ప్రభుత్వానికి నివేదించే ఏర్పాటు ఇది. విద్యాశాఖ తన దారిన, పరిశ్రమల శాఖ తన దారిన నడిచే పద్ధతికి ఈ సమ్మేళనం స్వస్తి పలికింది.

1912 నుంచి 1918 వరకు దివానుగా ఆయన సాగించిన పాలనలో ఈ ఆలోచన సంస్థల రూపం దాల్చింది. బెంగళూరులో మెకానికల్ ఇంజనీరింగ్ పాఠశాల, హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, మైసూరులో చామరాజేంద్ర సాంకేతిక సంస్థ రూపుదిద్దుకున్నాయి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరు ఇంజనీరింగ్ కళాశాల ప్రారంభమయ్యాయి. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు వాణిజ్య మండలి ఏర్పడ్డాయి. గంధపు నూనె, సబ్బుల కర్మాగారాలు నెలకొన్నాయి. శిక్షణ ఇచ్చే పాఠశాల, శిక్షణ పొందినవారిని చేర్చుకునే కర్మాగారం, ఆ కర్మాగారానికి పెట్టుబడి సమకూర్చే బ్యాంకు ఒకే కాలంలో, ఒకదానికొకటి ఆసరాగా ఎదగడం ఈ కృషిలోని ప్రత్యేకత. ఆయన పదవీ కాలంలో సంస్థానంలోని పాఠశాలల సంఖ్య రెట్టింపుకు మించి పెరిగింది.

ఈ అవకాశాలు ఎవరికి అందాలి అన్న ప్రశ్న కూడా అదే కాలంలో ముందుకు వచ్చింది. ప్రభుత్వోద్యోగాలలో వెనుకబడిన వర్గాలకు తగిన ప్రాతినిధ్యం కల్పించే అంశంపై మహారాజా 1918లో మిల్లర్ సంఘాన్ని నియమించారు. నియామకాలకు ప్రతిభే కొలబద్ద కావాలని, విద్యావ్యాప్తి ద్వారానే అందరినీ ఆ స్థాయికి తీసుకురావాలని విశ్వేశ్వరయ్య భావించారు. ఈ అంశంపై ఏర్పడిన భిన్నాభిప్రాయంతో ఆయన దివాను పదవి నుంచి వైదొలిగారు. తరతరాలుగా చదువుకు దూరమైనవారికి ప్రత్యేక అవకాశం కల్పించాలన్న మిల్లర్ సంఘం దృక్పథాన్నే అనంతర కాలంలో రాజ్యాంగం ఆమోదించింది. పాఠశాల ద్వారాలు తెరిస్తే చాలదని, అందులోకి అడుగు పెట్టలేని వారిని చేయిపట్టి తీసుకురావాలని ఆ చర్చ నేటి పాలకులకు, అధికారులకు గుర్తు చేస్తుంది.

భద్రావతి: కర్మాగారమే కళాశాల

పదవిలో లేకున్నా ఆయన కృషి ఆగలేదు. 1921-22లో బొంబాయి ప్రభుత్వం నియమించిన సాంకేతిక, పారిశ్రామిక విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు. అనంతరం 1923లో మైసూరు ప్రభుత్వ కోరిక మేరకు భద్రావతి ఇనుము కర్మాగారం పాలక మండలి అధ్యక్షులుగా బాధ్యత స్వీకరించారు. అప్పటికి ఆ కర్మాగారం తీవ్ర నష్టాలలో కూరుకుపోయి, మూసివేతే శరణ్యమన్న విమర్శలను ఎదుర్కొంటోంది. 1929 వరకు ఆరేళ్ల పాటు ఆయన దానిని నడిపించారు. వ్యయాన్ని అదుపు చేశారు. విదేశీ నిపుణులపై ఆధారపడటాన్ని తగ్గించి, స్థానిక యువకులను కర్మాగారంలోనే తీర్చిదిద్ది వారికి బాధ్యతలు అప్పగించారు. కాలక్రమంలో ఆ సంస్థ నిలదొక్కుకుని, విశ్వేశ్వరయ్య పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

కర్మాగారాన్ని నడిపినందుకు తనకు రావలసిన పారితోషికాన్ని ఆయన సొంతానికి తీసుకోలేదు. ఆ సొమ్మును యువకులకు వృత్తులు నేర్పే సంస్థను నెలకొల్పేందుకు వినియోగించాలని ప్రభుత్వాన్ని కోరారు. ఆ ఫలితంగా 1943లో బెంగళూరులో శ్రీ జయచామరాజేంద్ర వృత్తి శిక్షణ సంస్థ ఆవిర్భవించింది. దానికి తన పేరు కాక మహారాజా పేరు పెట్టించడం ఆయన నిరాడంబరతకు తార్కాణం. ఒక పరిశ్రమలో వచ్చిన పారితోషికం, రాబోయే పరిశ్రమలకు పనివారిని తయారు చేసే పాఠశాలగా మారిన అరుదైన ఉదాహరణ ఇది.

పుస్తక జ్ఞానం కన్నా పనిలో నైపుణ్యానికి ప్రాధాన్యమిచ్చిన ఈ సంస్థ, కాలానికి ముందే కొత్త రంగాలను గుర్తించింది. ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం వంటి కోర్సులను అక్కడ తొలినాళ్లలోనే ప్రవేశపెట్టారు. హిందీ చలనచిత్ర రంగంలో విఖ్యాతులై, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన ఛాయాగ్రాహకులు వి.కె. మూర్తి అక్కడే 1946లో డిప్లొమా పూర్తి చేశారు. ఇదే సంస్థ అనంతరం ఎస్.జె. పాలిటెక్నిక్‌గా పేరు పొందింది.

చివరి దశాబ్దాలు

1927 నుంచి 1955 వరకు టాటా ఉక్కు సంస్థ డైరెక్టరుగా సేవలందించిన విశ్వేశ్వరయ్య, 1941లో అఖిల భారత పారిశ్రామిక ఉత్పత్తిదారుల సంఘాన్ని స్థాపించారు. పరిశ్రమల యజమానులు కేవలం తమ లాభనష్టాలకే పరిమితం కాకుండా, దేశానికి అవసరమైన పనివారిని తయారు చేయడంలో భాగస్వాములు కావాలన్నది ఆయన అభిమతం. ఎనభయ్యేళ్లు పైబడిన వయసులోనూ గ్రామీణ పారిశ్రామికీకరణ పథకాన్ని రూపొందించారు. కొన్ని గ్రామాలను ఒక సముదాయంగా చేర్చి, ఆ ప్రజలే చిన్న పరిశ్రమలను ఎంపిక చేసుకుని నడుపుకునే ఈ పథకాన్ని మైసూరు ప్రభుత్వం 1949-50 నుంచి బెంగళూరు, కోలారు జిల్లాలలో చేపట్టింది.

1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న పురస్కారంతో సత్కరించింది. 1960లో ఆయన శతజయంతి ఉత్సవాలు జరిగాయి. ఆ సందర్భంగా తపాలా శాఖ స్మారక బిళ్లను విడుదల చేసింది. 1962 ఏప్రిల్ 14న బెంగళూరులో ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలు స్వగ్రామమైన ముద్దేనహళ్లిలో జరిగాయి. పరిశ్రమలు తమ ప్రాంగణంలో యువతకు శిక్షణ ఇవ్వడాన్ని చట్టబద్ధం చేసిన అప్రెంటిస్‌ల చట్టం, 1961 అమలులోకి వచ్చింది ఆయన మరణానికి నెలన్నర ముందు, 1962 మార్చి 1నే కావడం గమనార్హం.

నల్లబంగారు నేలకు ఆయన బాట

విశ్వేశ్వరయ్య జీవితాంతం ఎదుర్కొన్న ప్రశ్ననే గోదావరికి ఇరువైపులా విస్తరించిన బొగ్గు గనుల ప్రాంతం నేడు ఎదుర్కొంటోంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో అవతరించింది. తొలి తరాల కార్మికులు తట్ట, చెమ్మస్ పట్టి, తోటి కార్మికుని వద్దనే పని నేర్చుకున్నారు. కాలక్రమంలో ఆ స్థానంలోకి లోడింగు యంత్రాలు, భారీ డంపర్లు, 2014లో అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్ర సముదాయం వచ్చాయి.

ఈ మార్పు అంకెలలో స్పష్టంగా కనిపిస్తుంది. 1990-91లో 2 కోట్ల టన్నుల లోపు ఉన్న సింగరేణి బొగ్గు ఉత్పత్తి 2023-24 నాటికి సుమారు 7 కోట్ల టన్నులకు చేరింది. అదే కాలంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య 45 వేల లోపునకు తగ్గింది. తండ్రి చేసిన పని కొడుకుకు సహజంగా సంక్రమించే రోజులు తగ్గుముఖం పట్టాయి. కార్మిక కుటుంబాల పిల్లలకు, గనుల కోసం భూములు ఇచ్చిన గ్రామాల యువతకు ఇక నైపుణ్యమే ఆస్తి.

గని పనిలో శిక్షణ ప్రాణరక్షణతో కూడా ముడిపడి ఉంది. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమావళి ప్రకారం నిర్ణీత శిక్షణ పొందనివారిని గని పనిలో నియమించరాదు. పైకప్పు పట్టును, గాలి ప్రసరణను, వాయువుల జాడను అంచనా వేయడం తరగతి గదిలో మాత్రమే అలవడే విద్య కాదు. మైనింగ్ డిప్లొమా పూర్తి చేసిన విద్యార్థి ఓవర్‌మన్ యోగ్యతా పత్రం పొందడానికి గనిలో ఆచరణాత్మక శిక్షణ తప్పనిసరి. గని ద్వారం తెరుచుకోనిదే ఆ డిప్లొమాకు పరిపూర్ణత లేదు. అటు గనికి కూడా, పాలిటెక్నిక్ చక్కగా బోధించనిదే భద్రత తెలిసిన పర్యవేక్షకులు లభించరు. విద్యాసంస్థ, యాజమాన్యం ఒకదానిపై ఒకటి ఎంతగా ఆధారపడి ఉన్నాయో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు.

ఇందుకు తగిన పునాదులు ఈ ప్రాంతంలో ఉన్నాయి. శ్రీరాంపూర్‌కు ఆనుకుని ఉన్న నస్పూర్‌లో సింగరేణి విద్యా సంస్థల ఆధ్వర్యంలో పాలిటెక్నిక్ కళాశాల నెలకొంది. గనుల యాజమాన్యమే కళాశాలను నడపడం వల్ల పాఠానికి, పనికి మధ్య దూరం తగ్గే వీలుంది. 1970లలో ఏర్పడిన కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్, గనుల రంగానికి ఇంజనీర్లను అందించింది. 2025లో ప్రభుత్వం దానిని డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా తీర్చిదిద్దింది. జైపూర్ మండలం పెగడపల్లిలో 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం, నదికి ఆవల రామగుండంలో ఎన్‌టిపిసి కేంద్రం ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్ల సేవలతోనే నడుస్తాయి. రాష్ట్రవ్యాప్తంగా 65 ప్రభుత్వ ఐటిఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో 2,324 కోట్ల రూపాయల వ్యయంతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే కార్యక్రమానికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటిఐలో శంకుస్థాపన జరిగింది.

స్ఫూర్తి

భవనాలు, యంత్రాలు సమకూరినంత మాత్రాన శిక్షణ ఫలించదని విశ్వేశ్వరయ్య జీవితం స్పష్టం చేస్తోంది. మైసూరు ఆర్థిక సమ్మేళనం వలె జిల్లా, మండల స్థాయిలో కళాశాల ప్రిన్సిపాల్, గని మేనేజరు, చిన్న పరిశ్రమల యజమాని, కార్మిక ప్రతినిధి ఒకచోట కూర్చుని రానున్న కాలానికి ఎంతమంది, ఏయే పనులలో అవసరమో ముందుగా తేల్చుకోవాలి. అందుకు అనుగుణంగా పాఠ్యాంశాలు, ప్రవేశాల సంఖ్య మారాలి. బోధకులు తరచుగా గనిని, కర్మాగారాన్ని చూడాలి. అనుభవజ్ఞులైన ఓవర్‌మన్లు, ఫోర్‌మన్లు తరగతి గదికి రావాలి. శిక్షణ పూర్తయిన ప్రతి విద్యార్థి ఎక్కడ, ఏ పనిలో స్థిరపడ్డాడో నమోదు చేయాలి. బొగ్గు నిల్వలు తరిగిపోయిన తరువాత కూడా పనికివచ్చే విద్యుత్, యంత్ర మరమ్మతు, సౌరశక్తి వంటి వృత్తులపై ఇప్పటి నుంచే దృష్టి సారించాలి. బాలికలకు, నిర్వాసిత కుటుంబాలకు, గిరిజన గ్రామాల పిల్లలకు ఇందులో సముచిత స్థానం దక్కాలి.

పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించిన సొమ్ముతో చదువుకున్న ఒక బాలుడు, తన చివరి సంపాదనలలో ఒకదానిని ఇతరుల వృత్తి విద్యకు ధారపోయడంలో విశ్వేశ్వరయ్య జీవిత సారాంశం ఇమిడి ఉంది. హైదరాబాద్ ఖైరతాబాద్‌లోని ఆయన విగ్రహానికి ఏటా పూలమాలలు వేయడంతో పాటు, శ్రీరాంపూర్ వంటి కార్మిక క్షేత్రాలలో శిక్షణ పొందిన ప్రతి చేతికీ పని, ప్రతి పనికీ శిక్షణ పొందిన చేయి లభించేలా చూడటమే ఆ మహనీయునికి అర్పించగల నిజమైన నివాళి.